తక్కువ బరువుతో పుట్టిన పిల్లల ఫాలో-అప్ క్లినిక్: మా రెండేళ్ల అనుభవం

మా పాప 37 వారాలకు 1,900 గ్రాముల బరువుతో పుట్టింది. మాయ నుంచి అందవలసిన రక్తం సరిగా అందక గర్భంలోనే ఎదుగుదల మందగించిందని ఎనిమిదో నెలలో తీసిన డాప్లర్ స్కాన్‌లోనే తేలింది కాబట్టి, కాన్పు చేసిన ఆసుపత్రివారు ఇటువంటి పిల్లల కోసం తామే నడిపే ఫాలో-అప్ క్లినిక్‌లో మా పేరు నమోదు చేశారు. రెండేళ్లలో తొమ్మిది సార్లు వెళ్లాము.

ఈ క్లినిక్‌లో నాకు బాగా నచ్చింది కొలతల విషయంలో వారు చూపే ఓపిక. పాపను కొలత బల్ల మీద పడుకోబెట్టి, తలను నన్ను పట్టుకోమని, నర్సు తానే మోకాళ్లను మెల్లగా అదిమి, మడమలు పలకకు ఆనేదాకా ఆగి పొడవు చూసేవారు. రెండు కొలతలు కలవకపోతే, పాప ఎంత ఏడ్చినా సరే, మూడోసారి కొలిచేవారు.

డాక్టరుగారు బరువును ఒక్కదాన్నే ఎన్నడూ చూడలేదు, పొడవుతో పోల్చి చూసేవారు. పాపను త్వరగా బొద్దుగా చేయాలన్న మా అత్తగారి ఆరాటానికి ఆయన చెప్పిన జవాబే, నా దృష్టిలో, ఈ సేవలో అన్నిటికంటే విలువైన భాగం. గర్భంలో పోషణ చాలనప్పుడు శిశువు శరీరం మెదడుకు రక్తం ఎక్కువగా మళ్లించుకొని మిగిలిన అవయవాల వాటాకు కోత పెడుతుందని, మూత్రపిండాలలో రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్లు ఏర్పడటం సుమారు 36 వారాలకు ముగిసిపోతుందని, అప్పటికి తక్కువపడినవి ఆ తర్వాత కొత్తగా పుట్టవని, పెద్దయ్యాక రక్తపోటు పెరిగే అవకాశానికి అదొక కారణమని ఆయన వివరించారు. అలాంటి బిడ్డకు అవసరానికి మించి కొవ్వు పట్టిస్తే ఇన్సులిన్ సరిగా పనిచేయక మధుమేహం ముప్పు కూడా తోడవుతుందట. పుట్టినప్పుడూ, ఏడాది వయసులోనూ బరువు తక్కువగా ఉన్న మగవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ రికార్డుల ఆధారంగా డేవిడ్ బార్కర్ బృందం 1989లో చూపిన సంగతి చెబుతూనే, ఇది పెరిగిన ముప్పే తప్ప తప్పని రాత కాదని ఆయన రెండుసార్లు నొక్కి చెప్పారు. మా అత్తగారు ఆ పూట నుంచి పాలు బలవంతంగా పట్టించడం మానేశారు.

ఇంత తెలిసినవారు రక్తపోటు విషయంలో అశ్రద్ధ చేయడమే నాకు మింగుడుపడలేదు. మొత్తం రెండేళ్లలో ఒక్కసారే చూశారు, అదీ పెద్ద పిల్లలకు వాడే పట్టీతో. పట్టీ మరీ పెద్దదైతే రీడింగు తక్కువగా వస్తుందని నేను గుర్తుచేసినా, చిన్నది దొరకలేదన్నారు.

రెండేళ్లు నిండి, ఎత్తు తోటి పిల్లలను అందుకోగానే ఫైలు మూసేశారు. చేతికిచ్చిన కాగితంలో "తక్కువ బరువు శిశువు, ప్రస్తుతం బాగుంది" అన్న ఒక్క ముక్కే ఉంది. ఎన్ని వారాలకు పుట్టిందో, డాప్లర్‌లో ఏమి కనిపించిందో అందులో లేదు. నెలలు నిండక తేలికగా పుట్టడమూ, ఎదుగుదల ఆగి తేలికగా పుట్టడమూ ఒకటి కావు. ముప్పై ఏళ్ల తర్వాత పాపను చూసే డాక్టరుకు ఆ తేడా ఈ కాగితం వల్ల తెలియదు. గట్టిగా అడిగితే పది నిమిషాల్లో స్కాన్ వివరాలు చేర్చి, మూడో ఏడు నుంచి ఏటా రక్తపోటు చూపించాలని కూడా రాసి ఇచ్చారు.

మొదటి ఏడాది సేవకు అయిదుకు అయిదు, ముగింపుకు రెండు ఇస్తాను. ఇక్కడికి వెళ్లేవారు ఫైలు మూసే రోజున ఆ కాగితాన్ని అక్కడే కూర్చుని చదువుకొని మరీ బయటికి రండి.