మంచాలు ఖాళీ, మనుషులు రోడ్డు మీద

మున్సిపాలిటీ వాళ్ల నైట్ షెల్టర్‌కి నేనిచ్చేది 5కి 2 స్టార్లు. ఆ రెండూ రాత్రి డ్యూటీలో ఉన్న కేర్‌టేకర్‌కే.

ఫుట్‌పాత్ మీద పడుకునే భార్యాభర్తలిద్దర్ని చలి ఎక్కువగా ఉన్న ఒక రాత్రి వెంటబెట్టుకుని వెళ్లాను. దుప్పట్లు ఉతికినవే, బాత్రూంలో నీళ్లు వస్తున్నాయి, మంచాలు సగం ఖాళీ, ఇంకేం కావాలి అనుకున్నా. కేర్‌టేకర్ రిజిస్టర్ తీసి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన ఇక్కడ, ఆవిడ వేరే చోట ఆడవాళ్ల షెల్టర్లో. మూటలు లోపలికి రావు. తొమ్మిదికి గేటు వేస్తారు, ఆయనేమో గిన్నెలు కడిగే పని ముగించుకుని రోజూ పదకొండుకి గానీ రాడు, ఆ రోజు సెలవు కాబట్టి దొరికాడు. "మాకు రోడ్డే నయం బాబూ" అని ఆవిడ మూట ఎత్తుకుంది. "రూల్ నేను పెట్టింది కాదు సార్" అన్నాడు కేర్‌టేకర్, పాపం.

రిజిస్టర్లో మాత్రం ఆ రాత్రి మంచాలు ఖాళీ అనే ఉంటుంది. చోటున్నా వాళ్లే రాలేదనుకుంటారని నాకు టెన్షన్. అమెరికాలో 2018లో బోయిసీ అనే ఊరి కేసులో అప్పీల్ కోర్టు, షెల్టర్లో చోటు లేనప్పుడు బయట పడుకున్నందుకు శిక్ష వేయకూడదంది. దాంతో ఏ మంచాన్ని "చోటు" కింద లెక్కేయాలన్న పేచీ వచ్చింది. గ్రాంట్స్ పాస్ అనే చిన్న ఊళ్లో ఉన్న షెల్టర్ ఒక క్రైస్తవ సంస్థది, ప్రార్థనకి రావాలి, సిగరెట్ తాగకూడదు. కింది కోర్టు ఆ మంచాల్ని లెక్కలోకి తీసుకోలేదు. 2024లో అక్కడి సుప్రీంకోర్టు 6-3తో ఊరి పక్షాన తీర్పిచ్చింది, చోటు లేకపోయినా జరిమానా వేయొచ్చంది. అప్పట్లో ఆ ఊళ్లో బయట పక్కేసుకుని పడుకుంటే జరిమానా 295 డాలర్లు. అంత డబ్బుంటే వాళ్లు ఫుట్‌పాత్ మీద ఎందుకుంటారో!

ఫిన్లాండ్ వాళ్లు 2008 నుంచి ఇంకో దారిలో వెళ్లారు, హాల్లో మంచాలేసే పాత షెల్టర్లలో చాలావాటిని విడి ఫ్లాట్లుగా మార్చి, లోపలుండేవాళ్ల పేరు మీదే అద్దె ఒప్పందం రాసిచ్చారు. తాళం మనిషి చేతిలో ఉంటే గేటు టైంతో పనేముంది. ఖర్చు ఎక్కువే, కాదనను.

అంత చేయమని అడగట్లేదు. మూటలకో తాళమేసిన గది, జంటలు కలిసుండే చోటు, రాత్రి పని చేసేవాళ్లకి గేటు సడలింపు, ఇవి ఇస్తే మూడో స్టార్ ఇస్తా. అప్పటిదాకా ఎవర్నైనా తీసుకెళ్లే ముందు ఫోన్ చేసి ఈ మూడూ అడగండి, "మంచాలున్నాయా" అని మాత్రం కాదు.