హెడ్‌లైటు పోతే ఏది మేలు: మామూలు బల్బా, వంద-తొంభై వాట్లదా, ఎల్‌ఈడీయా?

ఒక పక్క హెడ్‌లైటు వెలగకపోగానే చాలామంది షాపుకెళ్లి "ఏ బల్బు మంచిది?" అని అడుగుతారు. పోయింది బల్బేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పేది హెచ్4 బల్బు సంగతి. ఒకే గాజులో డిమ్ముకొకటి, బ్రైటుకొకటి ఫిలమెంటు, వెనక మూడు పిన్నులు. పాత మారుతి బండ్లలో ఎక్కువగా ఉండేది ఇదే.

వెలుగుతున్న పక్క బల్బు తీసి వెలగని పక్క పెట్టి చూడండి. వెలిగితే పాత బల్బు పోయినట్టే. గాజు లోపల పాలు పోసినట్టు తెల్లగా ఉంటే గాలి చొరబడింది, నల్లబడితే వయసైపోయింది. మార్చిన బల్బు కూడా వెలగకపోతే ఫ్యూజు చూడాలి. చాలా బండ్లలో కుడికీ ఎడమకీ వేర్వేరు ఫ్యూజులుంటాయి. 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం. రెండు పక్కలా డిమ్ము పోయి బ్రైటు మాత్రం వెలిగితే రిలేనో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి విడదీసే స్విచ్చు) స్టీరింగు దగ్గరి స్విచ్చో అనుమానించాలి. ఒక పక్క డిమ్ము ఎప్పుడో పోయినా గమనించక, రెండోదీ పోయాక ఉలిక్కిపడేవాళ్లూ ఉన్నారు.

మల్టీమీటరుతో ఒక చిక్కుంది. హోల్డరు ఊడదీసి కొలిస్తే 12.5 వోల్టులు చక్కగా చూపిస్తుంది, బల్బు పెడితే గుడ్డిగా వెలుగుతుంది. కరెంటు పారనప్పుడు చిలుము పట్టిన తీగలో కూడా వోల్టేజీ తగ్గదు మరి. అందుకే బల్బు తగిలించి, లైటు వేసి, హోల్డరు వెనక నుంచి ఎర్త్ పిన్నుకీ (కరెంటు బండి బాడీ మీదుగా తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి) బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవాలి. 0.2 లోపుంటే బాగున్నట్టు, అర వోల్టు దాటితే లోపం ఎర్త్‌లోనే. (కొన్ని బండ్లలో ఉమ్మడి పిన్నుకి ప్లస్సే వస్తుంది, స్విచ్చు ఎర్త్ వైపుంటుంది. వాటిలో ఈ లెక్క చెల్లదు.) కళింగపట్నం, బారువ, పూసపాటిరేగ తీరాల్లో ఉప్పుగాలికి నిలిపే బండ్లకి ముందు చూడాల్సింది ఈ ఎర్త్ బోల్టే. విప్పి, ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వ్యాజలీను పూయండి. తీగ లోపలికి పచ్చ చిలుము పాకితే అంతవరకూ కోసేసి కొత్త లగ్గు (తీగ చివర బిగించే లోహపు కొస) వేయాలి.

ఇదంతా ఎందుకంటే హెచ్4 లాంటి హాలోజన్ బల్బుకి అందే వోల్టేజీ కొంచెం తగ్గినా వెలుతురు చాలా పడిపోతుంది. తీగల్లో ఒక్క వోల్టు పోతే దాదాపు నాలుగో వంతు వెలుతురు పోయినట్టే. "కంపెనీ బల్బు చాలట్లేదు" అన్న ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ వోల్టే.

ఇక బల్బుల మాట. 60/55 వాట్ల (బ్రైటుకి 60, డిమ్ముకి 55) మామూలు బల్బు బ్రైటులో 5 ఆంపియర్లు లాగుతుంది. 100/90 అయితే 8 దాటుతుంది. కరెంటు 1.67 రెట్లయితే పిన్నుల దగ్గర పుట్టే వేడి దాదాపు 2.8 రెట్లు. అందుకే హోల్డరు గోధుమరంగు తిరిగి, మెత్తబడి, చివరికి పిన్నుకే అతుక్కుపోతుంది. రిఫ్లెక్టరు పూత కూడా మాడుతుంది. ఆపైన రిలే, లావు తీగ, సిరామిక్ హోల్డరు కొనాల్సి వస్తుంది. చౌకగా మొదలై ఖరీదుగా తేలే బేరం ఇది.

ఎల్‌ఈడీకి కరెంటు తక్కువ, వేడి బాధా తక్కువే. లోపం కాంతి ఆకారంలో ఉంది. హెచ్4లో డిమ్ము ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది, దానివల్లే వెలుతురు పైకి లేవదు. ఆ ఫిలమెంటు ఉన్నచోటే వెలుగిచ్చే ఎల్‌ఈడీ చిప్పు కూర్చోకపోతే డిమ్ములో కూడా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. 16వ నంబరు హైవే మీద డివైడరు కొంత కాస్తుందేమో గాని, చీపురుపల్లి నుంచి రాజాం వెళ్లే దారిలో ఎదురొచ్చే బైకువాడికి ఏమీ కనపడదు. వెనక ఫ్యాను అడ్డమై రబ్బరు తొడుగు సరిగా కూర్చోకపోతే వానాకాలం లైటు లోపల చెమ్మ చేరుతుంది. పైగా కంపెనీ ఇచ్చినదాన్ని మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ (బండిలో మార్పులపై ఆంక్షలు) కిందికి రావచ్చు.

మా ఓటు 60/55కే. ఇంకా వెలుతురు కావాలంటే ఆ బల్బుకే రిలే వైరింగు వేయించండి. 30 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలేలు రెండు, డిమ్ముకొకటి బ్రైటుకొకటి. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. పాత హోల్డరు తీగ 86 పిన్నుకి, ఎర్త్ 85కి, బ్యాటరీ ప్లస్ 30కి, బల్బు తీగ 87కి. వైరింగులో చెయ్యి తిరగనివాళ్లు ఈ పని ఆటో ఎలక్ట్రీషియన్‌కే వదలాలి. బల్బు మార్చడం మాత్రం ఇంట్లోనే అయిపోతుంది.

లైటు ఆపి చల్లారనివ్వండి. హోల్డరు తీగలు పట్టుకుని కాకుండా ప్లాస్టిక్ పట్టుకుని లాగండి. రబ్బరు తొడుగు తీసి, స్ప్రింగు క్లిప్పు పక్కకి నెట్టండి. బ్యాటరీ అడ్డొచ్చి విప్పాల్సివస్తే మైనస్ ముందు. కొత్త బల్బు మూడు చెవులు ఒకే తీరులో కూర్చుంటాయి, బలవంతం చేయొద్దు. గాజుకి వేలు తగిలితే స్పిరిట్‌తో తుడవండి, లేదంటే చర్మపు జిడ్డున్న చోట వేడెక్కి త్వరగా పోతుంది.

చివర్లో గురి. చదునైన చోట గోడకి 5 మీటర్ల దూరంలో ఆపి, డ్యాష్‌బోర్డు మీద లైటు ఎత్తు మార్చే లెవెల్ చక్రం సున్నాలో పెట్టి డిమ్ము వేయండి. వెలుతురు పై గీత బల్బు ఎత్తు కంటే సుమారు 5 సెంటీమీటర్లు కింద పడాలి. తేడా ఉంటే లైటు వెనక స్క్రూ తిప్పి సరిచేయండి. డిక్కీలో బియ్యం బస్తాలుంటే దించేశాకే కొలవండి.