ఎల్లోస్టోన్ సరస్సులో ట్రౌట్ చేపల వేట: గది ఎక్కడ తీసుకోవాలో గాలే చెబుతుంది

అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కుకి వెళ్లే మనవాళ్లలో చాలామంది పడమటి గేటు బయటున్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లో దిగుతారు. వంటగది ఉన్న ఇళ్లు దొరుకుతాయి, సరుకుల కొట్లున్నాయి. గీజర్లు (వేడినీళ్లు ఎగజిమ్మే బుగ్గలు) చూసి రావడానికి ఆ ఊరు చాలు. సరస్సులో పడవ మీద ఫ్లై ఫిషింగ్ (పురుగులాంటి తేలికపాటి ఎర కట్టిన గాలాన్ని విసిరి చేపలు పట్టడం) చేయాలంటే మాత్రం పనికిరాదు. అక్కణ్ణుంచి సరస్సు మీది పడవల రేవు బ్రిడ్జ్ బే మెరీనా సుమారు 60 మైళ్లు. బైసన్ల (అడవి దున్నల్లాంటివి) మంద రోడ్డెక్కిందంటే రెండు గంటలు దాటుతుంది. మీరు చేరి, పర్మిట్ల పని ముగించేసరికి గాలి లేచే వేళవుతుంది.

ఈ సరస్సు 7,700 అడుగుల పైన ఎత్తులో ఉంది, పొడవు సుమారు 20 మైళ్లు. వేసవిలో పొద్దున అద్దంలా ఉండి, మధ్యాహ్నానికి నైరుతి గాలితో మూడు నుంచి ఐదడుగుల అలలు లేస్తాయి. మోసమంతా మెరీనా దగ్గరే ఉంది. అది పడమటి ఒడ్డున, చెట్ల చాటున ఉంటుంది కాబట్టి అక్కడ నీళ్లు కదలవు. గాలి ఈశాన్యానికి తోసుకుపోయే కొద్దీ అల పెరుగుతుంది. బయల్దేరే ముందు స్టీవెన్‌సన్ దీవి వైపు చూడండి. అక్కడ అలల మీద తెల్ల నురగ కనిపిస్తే ఆ పూటకి పడవ వద్దు.

అందుకే బస బ్రిడ్జ్ బే క్యాంప్‌గ్రౌండ్‌లోనో, రెండు మైళ్ల దూరంలోని లేక్ హోటల్, లేక్ లాడ్జ్‌లలోనో ఉండాలి. లేక్ హోటల్ 1891 నాటిది, ఖరీదెక్కువ. లేక్ లాడ్జ్ క్యాబిన్లు సాదాసీదాగా ఉన్నా వేటకొచ్చినవాళ్లకి సరిపోతాయి. గదుల్లో వంటకి వీల్లేదు. ఏడాది ముందే బుక్ చేయకపోతే దొరకడం కష్టం. దగ్గర్లోని ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో (ఇల్లులాంటి బండ్లు ఆపుకునే చోటు) ఎలుగుబంట్ల వల్ల గుడారాలకి అనుమతి లేదు. అన్నట్టు, ఆ వంతెన పేరు చూసి గాలం పట్టుకుని వెళ్లకండి, 1973 నుంచి దాని మీద చేపలు పట్టడం నిషేధం! సరస్సు నైరుతి కొసనున్న గ్రాంట్ విలేజ్ సొంత పడవ తెచ్చుకునేవాళ్లకి అనుకూలం.

సొంత పడవకి పార్కు పర్మిట్, పరాయి జలజీవుల తనిఖీ రెండూ తప్పనిసరి. పడవ కడిగి, నీళ్లు వంపి, పూర్తిగా ఆరబెట్టి తీసుకెళ్లండి. లేకపోతే పొద్దుటి ప్రశాంతమంతా తనిఖీ వరసలోనే పోతుంది. చేపల పర్మిట్ కూడా పార్కుదే ఉండాలి, రాష్ట్ర లైసెన్సు ఇక్కడ చెల్లదు. గాలానికుండే ఎదురుముల్లు పట్టకారుతో నొక్కేయాలి. సీసం బరువులు, ఫెల్ట్ అడుగు బూట్లు నిషేధం.

గాలం విసిరే రాడ్ 9 అడుగులది, 6 నంబరుది మంచిది (నంబరు పెరిగే కొద్దీ బరువైన లైన్, అంటే గాలం దారం, విసరొచ్చు). 5 నంబరుది గాలిలో తేలిపోతుంది. లీడర్‌ని (లైన్ చివర ఎర కట్టే సన్నని దారం) 9 నుంచి ఏడున్నర అడుగులకి తగ్గించండి. కుడిచేతివాళ్లు గాలి ఎడమవైపు నుంచి వచ్చేలా కూర్చోవాలి. కుడివైపు నుంచి వస్తే గాలం నేరుగా మెడ మీదికో, చెవి మీదికో వస్తుంది. పడవలో ఇద్దరున్నా ఒకసారి ఒకరే విసరాలి, కళ్లద్దాలు పెట్టుకునే విసరాలి. వదులు లైన్‌ని బకెట్‌లో పడేయండి. కాళ్లకి చుట్టుకుంటే లేవడమే ప్రమాదం.

కట్‌థ్రోట్ ట్రౌట్ ఒడ్డు దగ్గరే తిరుగుతుంది కాబట్టి లోతుకి పోనక్కర్లేదు. 8 అడుగుల నీళ్లలో లంగరుకి 50 అడుగులకి పైగా తాడు వదలాలి. లంగరు ఎప్పుడూ పడవ ముందు భాగానికే కట్టాలి. వెనక కడితే మోటారు బరువుకి కిందికుండే అంచు మీదుగా నీళ్లు లోపలికొస్తాయి. దవడ కింద ఎర్రటి గీత, లేత ఒంటి మీద నల్ల చుక్కలుంటే కట్‌థ్రోట్, నీళ్లలోనే గాలం తీసి వదిలేయాలి. ముదురు ఒంటి మీద లేత చుక్కలు, లోతుగా చీలిన తోక ఉంటే లేక్ ట్రౌట్. 1994లో ఇది ఇక్కడ బయటపడింది. కట్‌థ్రోట్‌ని తినేస్తుంది, తాను మాత్రం లోతులో ఉండి ఎలుగులకీ గద్దలకీ అందదు. పట్టుకుంటే చంపి తీరాలన్నది నియమం.

గాలి లేచిందంటే మెరీనాకే చేరాలని పంతం వద్దు, దగ్గరి ఒడ్డుకి వెళ్లి సాయంత్రం దాకా ఆగండి. ఎదురలకి వేగం తగ్గించి, కాస్త ఏటవాలుగా ఎదుర్కోండి. అందరూ కిందికి కూర్చోవాలి, లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలి. ఇంజిన్ ఆపే తాడు నడిపేవాడి ఒంటికి కట్టుండాలి. జులైలోనూ నీళ్లు చల్లగానే ఉంటాయి: పడిన మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, చేతులు పనిచేసేది తర్వాత పది నిమిషాలే. ఈదే ప్రయత్నం చేయకుండా బోర్లాపడిన పడవనే పట్టుకోండి. ఉరిమితే రాడ్ కింద పెట్టేయండి, అది గ్రాఫైట్‌తో చేసిందైతే కరెంటు పారుతుంది.

గాలి రోజుల్లో గల్ పాయింట్, సాండ్ పాయింట్ ఒడ్డు నుంచే విసరొచ్చు. మంచు కరిగాక, జూన్‌లో కట్‌థ్రోట్ మోకాలి లోతులోకే వస్తుంది. మెల్లగా లాగిన ఉలీ బగ్గర్ అనే ఎరకి బాగా పడుతుంది.