పాత ల్యాప్‌టాప్‌కి ఏ ఎస్ఎస్‌డీ మేలు: సాటానా, ఎన్‌వీఎంఈనా?

మా బావమరిది ల్యాప్‌టాప్ స్విచ్ నొక్కి, టీ పెట్టుకుని తాగి, గ్లాసు కడిగొచ్చినా విండోస్ ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. "బావా, ఎస్ఎస్‌డీ వేస్తే పరుగెడుతుందట కదా" అన్నాడు. ఎస్ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్. అందులో వేగమైన రకం, ఎన్‌వీఎంఈ, ఒకటి తెప్పించాను. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా బిగించాం. బయోస్‌లో (విండోస్‌కి ముందే నడిచే సెటప్ ప్రోగ్రామ్‌లో) చూస్తే దాని ఊసే లేదు. తప్పు నాదే. ఎం.2 స్లాట్ కనబడగానే ఏదైనా పడుతుందనుకున్నాను.

ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో సాటా (హార్డ్ డిస్క్‌లు వాడే పాత కనెక్షన్) ఉండొచ్చు, పీసీఐఈ (అంతకంటే వేగమైన కనెక్షన్) మీద నడిచే ఎన్‌వీఎంఈ ఉండొచ్చు. రెండూ నడిచే స్లాట్లున్నాయి, ఒక్కటే నడిచేవీ ఉన్నాయి. మా వాడిది సాటా ఒక్కటే. పిన్నుల అంచున ఉండే గాట్లు చూసి పోల్చుకోవచ్చంటారు: సాటా ముక్కకి సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి ఒకటి. కానీ రెండు గాట్ల ఎన్‌వీఎంఈలూ ఉన్నాయి కాబట్టి దాన్నే నమ్ముకుని డబ్బు పెట్టొద్దు. పొడవు కూడా చూడాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. 2242 స్లాట్‌లో అది పట్టదు.

మరి ఏది మేలు? 2015కి ముందు మెషీన్, లోపల హార్డ్ డిస్క్ ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీనే వేస్తాను. డబ్బా మీది అంకెలు చూస్తే ఎన్‌వీఎంఈదే పైచేయి: మూడో తరం పీసీఐఈలో మంచి రకం సెకనుకు 3,500 ఎంబీ దాకా చదువుతుంది, సాటా 550 దగ్గర ఆగిపోతుంది. కానీ పాత ల్యాప్‌టాప్ నత్తనడకకి కారణం ఆ అంకె కాదు. హార్డ్ డిస్క్‌లో ముల్లు చిన్న ఫైలు కోసం వెతుక్కునే ప్రతిసారీ పది మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. ఎస్ఎస్‌డీకి, సాటా అయినా సరే, అందులో నూరో వంతు చాలు. డిస్క్ నుంచి సాటాకి మారితే మెషీన్ కొత్తగా అనిపిస్తుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి వెళ్తే పెద్ద వీడియోలు కాపీ చేసేవాళ్లకు తప్ప ఆ తేడా పెద్దగా తెలియదు.

2011కి ముందు మెషీన్లలో పోర్టు తరచుగా సాటా 2యే (సాటాలో పాత తరం). వేగం 300 ఎంబీ లోపే. అయినా వేయొచ్చు, కొత్త ఎస్ఎస్‌డీ పాత పోర్టులోనూ నడుస్తుంది. మందం మాత్రం చూసుకోండి. థింక్‌ప్యాడ్ ఎక్స్230లో 7 మిల్లీమీటర్ల డ్రైవే పడుతుంది, పాత 9.5 రకం పట్టదు. అదే మోడల్‌లో ఎంసాటా (చిన్న కార్డు రకం ఎస్ఎస్‌డీ) స్లాటూ ఉంది, అయితే అది సాటా 2. అందుకే విండోస్ ఉండే డ్రైవ్‌ని అసలు హార్డ్ డిస్క్ ఉండే చోటే పెట్టాలి.

ఎం.2 సాటాకి ఒక్కటే నిజమైన లాభం. స్లాట్ ఖాళీగా ఉంటే విండోస్ అందులోకి వెళ్తుంది, పాత హార్డ్ డిస్క్ ఫోటోలకీ సినిమాలకీ ఉన్నచోటే ఉంటుంది. డీవీడీ డ్రైవ్ తీసేసి క్యాడీ (ఆ ఖాళీలో రెండో డ్రైవ్‌ని పట్టుకునే ఫ్రేము) పెట్టినా ఇదే పని జరుగుతుంది, కానీ క్యాడీ 9.5 మిల్లీమీటర్లదో 12.7దో ముందే కొలవాలి.

ఎన్‌వీఎంఈ ఎప్పుడు? స్లాట్ పీసీఐఈదని తయారీదారు సర్వీస్ మాన్యువల్‌లో రాసి ఉంటే, బయోస్ దాన్నుంచి బూట్ చేయగలిగితే, అంటే విండోస్‌ని మొదలుపెట్టగలిగితే. కొన్ని పాత బయోస్‌లతో విండోస్‌లో డ్రైవ్ కనబడుతుంది గానీ దాన్నుంచి బూట్ కాదు. విండోస్ 7 ఇన్‌స్టాలర్‌కైతే ఎన్‌వీఎంఈ డ్రైవరే లేదు. నాలుగో తరం డ్రైవ్ మూడో తరం స్లాట్‌లోనూ నడుస్తుంది, కాకపోతే మూడో తరం వేగంతోనే, కాబట్టి దానికోసం ఎక్కువ పెట్టడం దండగ. 2013–17 మ్యాక్‌బుక్ ఎయిర్‌లకి యాపిల్ సొంత పిన్నులు, అడాప్టర్ లేనిదే మామూలు ఎం.2 పట్టదు.

కొనేముందు అడుగున మోడల్ నంబర్ చూసి ఆ మాన్యువల్ దింపుకోండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అడగాలన్నా మోడల్ నంబర్ చేతిలో ఉంటేనే మాట తేలుతుంది. వీలైతే వెనక మూత తీసి, బ్యాటరీ వైరు ఊడదీసి, కళ్లారా చూడండి. విండోస్‌ని కాపీ చేసుకోవాలంటే యూఎస్‌బీ కేసు (కొత్త డ్రైవ్‌ని బయటి నుంచి తగిలించే డబ్బా) కావాలి, సాటా కేసులో ఎన్‌వీఎంఈ పనిచేయదు.

మా వాడి ఎన్‌వీఎంఈ వాపసు ఇచ్చి 2.5 సాటా వేశాం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డ్రైవ్ వివరాలు చూపే ప్రోగ్రామ్)లో సాటా/600 అని, అంటే సాటా 2 కాదు పూర్తి వేగమేనని, చూపించింది. ఇప్పుడు టీ మరిగేలోపే డెస్క్‌టాప్ వచ్చేస్తోంది.