ఆర్వీలో ఆఫీసు పని: జయాన్ నుంచి ఎల్లోస్టోన్ దాకా సిగ్నల్ లెక్కలు

పిల్లల వేసవి సెలవులు ఎక్కువ, మా ఇద్దరి సెలవులు తక్కువ. లాస్ వేగస్‌లో ఆర్వీ (పడకలు, వంటగది ఉన్న ప్రయాణపు బండి) అద్దెకు తీసుకుని జయాన్, గ్రాండ్ కాన్యన్, మోయాబ్ మీదుగా ఎల్లోస్టోన్ దాకా వెళ్ళాలంటే దారిలో ఆఫీసు పని చేయక తప్పదు. ఆ కొండల అందం గురించి రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఎక్కడ వీడియో కాల్ నిలబడింది, ఎక్కడ నిలబడలేదు, ఎక్కడ దిగితే మేలు అన్నంతవరకే నేను రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను: ఏ పరికరం కొన్నాం అన్నదానికన్నా బండి ఎక్కడ ఆపాం అన్నదే మా ఇంటర్నెట్‌ను నడిపించింది.

మా దగ్గర ఉన్నవి మూడు. మామూలు ఫోన్ లైను ఒకటి. వేరే నెట్‌వర్క్ ప్రీపెయిడ్ ఈ-సిమ్ ఒకటి. ఉపగ్రహాల నుంచి నెట్ అందుకునే చిన్న డిష్, స్టార్‌లింక్ మినీ, ఒకటి. ఇవన్నీ ఒక చిన్న ట్రావెల్ రూటర్‌కి కలిపాం. ల్యాప్‌టాపులు, పిల్లల ట్యాబ్ ఎప్పుడూ ఆ రూటర్ వైఫై పేరుకే కనెక్ట్ అయి ఉంటాయి. వెనకాల నెట్ ఫోన్ నుంచి వస్తోందా, డిష్ నుంచి వస్తోందా అన్నది వాటికి అనవసరం. చోటు మారినప్పుడల్లా అందరి పాస్‌వర్డులూ మార్చుకునే గోల ఈ రూటర్ వల్లే తప్పింది. మొత్తం సామానులో డబ్బుకి తగ్గ పని చేసింది ఏదంటే దీన్నే చెబుతాను.

రెండో సిమ్ కొనేటప్పుడు చూసుకోవలసింది ధర కాదు, అది ఎవరి టవర్ల మీద నడుస్తుందో. అమెరికాలో దేశమంతా విస్తరించిన పెద్ద నెట్‌వర్కులు మూడే: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. చవక ప్లాన్ల కంపెనీల్లో చాలావరకు వీటి టవర్లనే వాడుకుంటాయి. మింట్ నడిచేది టీ-మొబైల్ మీద, విజిబుల్ వెరైజన్ మీద, క్రికెట్ ఏటీ అండ్ టీ మీద. చేతిలో టీ-మొబైల్ ఉండగా అదనంగా మింట్ తీసుకుంటే రెండు బిల్లులు వస్తాయి కానీ రెండో టవర్ రాదు. పైగా చవక ప్లాన్లలో చాలావాటికి రద్దీ వేళ వరుసలో చివరి చోటే దక్కుతుంది. దీని ప్రభావం ఎక్కడ తెలిసిందో కింద చెబుతాను.

కవరేజ్ చూసుకోవడానికి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్ ఉంది. అందులో ఆరుబయట నిలబడితే వచ్చే సిగ్నల్ వేరుగా, కదిలే వాహనం లోపల వచ్చేది వేరుగా చూపిస్తారు. ఆర్వీలో ఉండేవాళ్ళు రెండోదే చూసుకోవాలి, ఎందుకంటే అల్యూమినియం గోడలు సిగ్నల్‌ని బాగా తినేస్తాయి. క్యాంప్‌గ్రౌండ్ స్థాయిలో మాత్రం అక్కడ దిగినవాళ్ళ మాటే నమ్మాను. క్యాంప్‌గ్రౌండ్లు బుక్ చేసుకునే ప్రభుత్వ సైట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో సిగ్నల్ ఎలా ఉందో దిగినవాళ్ళు ఇచ్చిన రేటింగులు ఉంటాయి. క్యాంప్‌గ్రౌండ్ల మీద అభిప్రాయాలు రాసే సైట్ క్యాంపెండియంలో ఏ నెట్‌వర్క్ ఎలా అందిందో విడివిడిగా రాస్తారు.

సిగ్నల్ బూస్టర్ కొనమని చాలామంది చెప్పారు, కొనలేదు. ఉన్న సిగ్నల్‌ని అది పెంచుతుంది, లేనిదాన్ని పుట్టించలేదు. టవర్ రద్దీగా ఉంటే దానివల్ల లాభం ఏమీ లేదు. ఒక్కోసారి డేటా వేగం తగ్గుతుంది కూడా. మాట వినపడితే చాలు అనుకునేవాళ్ళకి పనికొస్తుందేమో. ఇక్కడ దాన్ని వాడాలంటే మీ ఫోన్ కంపెనీ దగ్గర నమోదు చేయించాలన్న నిబంధన కూడా ఉంది.

మొదటి మజిలీ జయాన్. వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కొన్ని లూపుల్లో కరెంటు ఉంది. స్ప్రింగ్‌డేల్ ఊరు పక్కనే కాబట్టి ఫోన్ సిగ్నల్ అంతో ఇంతో అందుతుంది. లోయలోకి షటిల్ ఎక్కాక మాత్రం ఏమీ ఉండదు. రెండు వైపులా దాదాపు 2,000 అడుగుల రాతిగోడలుంటే టవర్ తరంగం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉపగ్రహానికీ అదే చిక్కు, ఎందుకంటే డిష్‌కి కనబడే ఆకాశం సన్నబడిపోతుంది. అక్కడ పొద్దున్నే కాల్స్ ముగించుకుని, పది దాటాక లోయలోకి వెళ్ళేలా రోజును సర్దుకున్నాం. ఉండటానికి చక్కటి చోటు, పనికి మాత్రం ఓ మోస్తరు.

జయాన్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కి పేజ్ ఊరి మీదుగా వెళ్ళేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. అరిజోనా రాష్ట్రం వేసవిలో గడియారం మార్చుకోదు. దాని లోపలున్న నవాహో నేషన్ మార్చుకుంటుంది, పక్కనున్న యూటా కూడా మార్చుకుంటుంది. ఫోన్ ఏ టవర్‌ని పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది కాబట్టి బండిలో కూర్చున్న చోటే గంట ముందుకీ వెనక్కీ దూకుతుంటుంది. మా ఆయన ఫోన్ ఒక టైమ్, నాది ఒక టైమ్. "ఇప్పుడు మీటింగ్ అయిపోయినట్టా, మొదలవ్వాల్సినట్టా?" అని ఆయన అడిగితే జవాబు నా దగ్గర లేదు. ఆ ప్రాంతంలో ఉన్నన్ని రోజులూ టైమ్ జోన్‌ని ఆటోమేటిక్ తీసేసి చేత్తో పెట్టుకోవడం మంచిది.

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో దిగే చోట్లు రెండు రకాలు. మేథర్ క్యాంప్‌గ్రౌండ్ పైన్ చెట్ల మధ్య చల్లగా ఉంటుంది కానీ హుకప్‌లు (బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ళు, మురుగు కనెక్షన్లు) లేవు, జనరేటర్ నడపడానికి వేళలున్నాయి. ట్రైలర్ విలేజ్‌లో కరెంటు, నీళ్ళు, మురుగు అన్నీ ఉంటాయి, ఖర్చు ఎక్కువ. పని ఉంటే రెండోదే. మేథర్‌లో డిష్ పెట్టి చూస్తే చెట్లు అడ్డం. కొన్ని నిమిషాలు బాగా నడుస్తుంది, ఉపగ్రహం కొమ్మల వెనక్కి వెళ్ళగానే కాల్ గడ్డకడుతుంది. యూట్యూబ్‌కి ఇబ్బంది లేదు, అది ముందే కొంత దాచుకుంటుంది. మీటింగ్‌లో మాట్లాడుతుండగా అయితే పరువు పోతుంది.

ఫోన్ డేటా విచిత్రం కూడా అక్కడే చూశాం. మధ్యాహ్నం బార్లు నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. బార్లు చెప్పేది టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో. దాని ముందు ఎంతమంది క్యూలో ఉన్నారో అవి చెప్పవు. మా చవక ఈ-సిమ్ ఆ క్యూలో చివరన ఉండిపోయింది. రాత్రి తొమ్మిది దాటాక అదే సిమ్ మీద ఫైళ్ళన్నీ అప్‌లోడ్ అయ్యాయి. సిగ్నల్ బలాన్ని సంఖ్యలో చూసుకోవాలనుకుంటే ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది. మైనస్ 80 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) అయితే భేషు, మైనస్ 110 దాటితే ఆశ వదులుకోవచ్చు. మైనస్ 90 ఉండి కూడా నెట్ కదలకపోతే తప్పు రద్దీదే, యాంటెన్నా కొన్నా ప్రయోజనం లేదు.

మోయాబ్‌లో మూడు రకాలుగా ఉండి చూశాం. ఊళ్ళో ఒక ప్రైవేట్ ఆర్వీ పార్క్, పేరు చెప్పను. "హై స్పీడ్ వైఫై" అని బోర్డు ఉంది. సాయంత్రం బళ్ళన్నీ చేరాక వాట్సాప్ మెసేజ్ కూడా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఒక కనెక్షన్‌ని పార్కంతా పంచుకుంటే అంతేగా. ఆర్వీ పార్క్ వైఫైని నమ్ముకుని ఆఫీసు పని పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. అది దొరికితే లాభం అంతే. అదే ఊళ్ళో గ్రాండ్ కౌంటీ పబ్లిక్ లైబ్రరీ వైఫై ఉచితం, పగటిపూట ఏసీలో కూర్చుని పని చేసుకోవచ్చు.

రెండోది కొలరాడో నది పక్కన 128 నంబరు హైవే మీద ఉన్న ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్. ముందు వచ్చినవాళ్ళకే చోటు, కరెంటు లేదు, నీళ్ళు లేవు. ఎర్రటి గోడల మధ్య నది, రాత్రి చుక్కలు. మొత్తం ప్రయాణంలో పిల్లలకి బాగా నచ్చిన చోటు ఇదే. పనికి మాత్రం సున్నా. ఫోన్ సిగ్నల్ మలుపు మలుపుకీ వచ్చి పోతుంది, గోడల వల్ల ఆకాశం సగమే. పైగా బ్యాటరీ లెక్క. మినీ 25 నుంచి 40 వాట్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటలు నడిపితే 320 వాట్ అవర్ల దాకా పోతుంది. అద్దె బళ్ళలో తరచు ఉండే 100 యాంప్ అవర్ లెడ్ బ్యాటరీలో నిజంగా వాడుకోదగ్గది దాదాపు సగమే, అంటే 600 వాట్ అవర్లు. డిష్ ఒక్కటే అందులో సగం మింగేస్తే రాత్రి హీటర్ ఫ్యాన్‌కి, పంపుకి ఏం మిగులుతుంది? శనాదివారాలకి ఈ చోటు పెట్టుకోండి.

మూడోది డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్క్. నా ఓటు దీనికే. ఊరికి దూరంగా, సుమారు 6,000 అడుగుల ఎత్తున బల్లపరుపు నేల. చుట్టూ ఉన్నవి పొట్టి జూనిపర్ చెట్లే, ఆకాశం ఎటు చూసినా ఖాళీ. సైట్ దగ్గరే కరెంటు. బండి ఆపకముందే స్టార్‌లింక్ యాప్‌తో ఫోన్ కెమెరాని ఆకాశం వైపు తిప్పి అడ్డంకులు చూసుకున్నాం, ఏమీ లేవు. మా ఆయన ఆ సోమవారమంతా మీటింగుల్లోనే ఉన్నారు, ఒక్కసారి కూడా "హలో, వినిపిస్తోందా?" అనలేదు. నీళ్ళు మాత్రం మోయాబ్‌లోనే ట్యాంకు నిండా నింపుకుని వెళ్ళాలి, పార్కులో దొరకవు. బుకింగ్ నాలుగు నెలల ముందు తెరుచుకుంటుంది, ఆలస్యం చేస్తే దొరకదు.

డిష్ అమరిక గురించి రెండు మాటలు. అద్దె బండి పైకప్పుకి రంధ్రాలు వేయలేం కాబట్టి నేల మీదే పెట్టాం. దానితో వచ్చే కేబుల్ 15 మీటర్లుంటుంది. బండి నీడలో ఉంటుంది, డిష్ ఎండలో ఉంటుంది. 12 వోల్టుల సాకెట్ నుంచి అంత పొడవు తీగతో నడిపితే వోల్టేజ్ పడిపోయి డిష్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. హుకప్ ఉన్నచోట మామూలు ప్లగ్గే వాడండి. డేటా పరిమితి ఉన్న ప్లాన్ అయితే లెక్క పెట్టుకోండి: గ్రూప్ వీడియో కాల్‌కి గంటకి ఒక జీబీ పైనే పోతుంది, హెచ్‌డీ సినిమాకి గంటకి మూడు జీబీ దాకా. పిల్లల సినిమాలు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి తెచ్చుకోవడం ఉత్తమం.

ఎల్లోస్టోన్‌లో పూర్తి హుకప్‌లున్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడల బళ్ళకే అనుమతి. చుట్టూ లాడ్జ్‌పోల్ పైన్ చెట్లు, మళ్ళీ మేథర్ కథే. పార్కులో ఫోన్ సిగ్నల్ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, కాన్యన్, మామత్, గ్రాంట్, లేక్ లాంటి జనం ఉండే చోట్లకే పరిమితం. వేసవిలో అక్కడా నెట్‌వర్కు చాలదని పార్కు వాళ్ళే చెబుతారు. పని రోజులు వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్ళో, సెలవు రోజులు పార్కులో అని విడదీసుకున్నాం. లోపలికీ బయటికీ తిరగడంలో కొంత డీజిల్ దండగే, కానీ టెన్షన్ లేదు.

ఇక ఫోన్. నెట్ ఉంటే ఫోన్ ఉన్నట్టే అనుకుంటాం, పూర్తిగా నిజం కాదు. డిష్ నెట్ మీద వైఫై కాలింగ్ ఆన్ చేస్తే మాట చక్కగా వినిపిస్తుంది. అయితే వైఫై మీంచి అత్యవసర నంబరు 911కి చేసినప్పుడు మీరు సెట్టింగ్స్‌లో నమోదు చేసిన చిరునామాకే మనిషిని పంపే అవకాశం ఉంది. అది మీ ఇంటి చిరునామా అయి ఉంటుంది. క్యాంప్‌కి చేరగానే దాన్ని మార్చండి, సైట్ నంబరు పిల్లలకి కూడా నేర్పండి. ఏ సిగ్నలూ లేని నడకదారుల్లో ఐఫోన్ 14 నుంచి వచ్చినవాటిలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే సదుపాయం ఉంది. దానికో డెమో ఉంది, బయలుదేరకముందే ఆరుబయట నిలబడి ఒకసారి చేసి చూడండి.

ఇండియా బ్యాంకు ఓటీపీలది వేరే గొడవ. నా ఇండియా సిమ్‌కి రోమింగ్ ఉంది, కానీ టవర్ లేని అడవిలో రోమింగ్ ఏం చేస్తుంది? డిష్ మీద సినిమా హాయిగా నడుస్తుంటే ఆరంకెల ఎస్సెమ్మెస్ మాత్రం రాదు. కుదిరిన ఖాతాలన్నిటికీ ఓటీపీ ఈమెయిల్‌కి వచ్చేలా ముందే మార్చుకున్నాను. మిగతా రెండు ఖాతాల పనులు ఊరు తగిలినప్పుడు, మా ఆయన డీజిల్ పట్టిస్తున్న పది నిమిషాల్లో కానిచ్చాను.