తేలికదనం కోసం వదులుకున్న మన్నిక: విండ్‌సర్ఫింగ్ సామగ్రిపై సమీక్ష

తెరచాప బిగించిన బోర్డుపై నిలబడి గాలి ఊతంతో నీటిమీద సాగే ఆట విండ్‌సర్ఫింగ్. అందులో ఒకే బోర్డును, తెరచాపను, దాన్ని నిలబెట్టే కార్బన్ మాస్ట్‌ను (స్తంభాన్ని) ఏళ్ల తరబడి ఉప్పునీటిలో వాడిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: నేటి సామగ్రి నీటిమీద అద్భుతంగా పనిచేస్తుంది గాని, తయారీదారుల దృష్టి మన్నిక కన్నా తూకం మీదే ఎక్కువగా ఉంది.

బోర్డు లోపల ఈపీఎస్ (థర్మోకోల్ లాంటి) నురుగు, దానిపై పీవీసీ ఫోమ్, ఆపైన ఎపాక్సీ జిగురుతో అతికిన గాజునార లేదా కార్బన్ పొర ఉంటాయి. ఈ పైపొర ఎంత పలుచనిదంటే, గాలి విసురుకు మనిషి ముందుకు ఎగిరిపడినప్పుడు మాస్ట్ తగిలి బోర్డు ముక్కు చిట్లుతుంది. కంటికి ఆనని ఆ పగులులోంచే నీరు నురుగులోకి చేరి బోర్డు బరువెక్కుతుంది. ముక్కుకు రక్షణ తొడుగును విడిగా అమ్ముతున్నారంటే ఈ దెబ్బ తప్పదని తయారీదారులకు ముందే తెలుసు. అక్కడ మరో పొర వేసి పంపడమే న్యాయం.

తెరచాపలోని పారదర్శక మోనోఫిల్మ్ (పలుచని ప్లాస్టిక్ పొర) ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పెళుసుబారి, మడతల వెంబడి చీలుతుంది. నా తెరచాపలో కుట్లు, బ్యాటెన్లు (ఆకారాన్ని నిలిపే అడ్డబద్దలు) గట్టిగానే ఉండగా ఈ పారదర్శకమైన కిటికీ భాగం ముందు పోయింది. నారల అల్లిక ఉన్న ఎక్స్‌ప్లై అనే పొర కాస్త బరువైనా చిరుగును పాకనివ్వదు కనుక, నేను దాన్నే ఎంచుకోమంటాను.

అన్నిటికంటే నన్ను బాధించేది విడిభాగాల పొంతన. 430 సెంటీమీటర్ల మాస్ట్‌కు సాధారణంగా 21 ఐఎంసీఎస్ (మాస్ట్ బిగువును తెలిపే కొలమానం) గట్టిదనం ఇస్తారు. ఆ అంకె ఒకటే అయినా, వంపు తీరు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. పైభాగం ఎక్కువగా వంగే మాస్ట్‌కు కుట్టిన తెరచాపను పైభాగం బిగుసుగా ఉండే మాస్ట్‌కు తొడిగితే, కిందికి ఎంత లాగి బిగించినా ఆకారం సరిగా నిలవదు. సన్నని ఆర్‌డీఎం, లావుపాటి ఎస్‌డీఎం మాస్ట్‌లకు వేర్వేరు ఎక్స్‌టెన్షన్లు (మాస్ట్ అడుగున దూర్చి పొడవు పెంచే గొట్టాలు) కావాలి. ఫిన్‌ను (బోర్డు అడుగున ఉండే రెక్కను) బిగించే బాక్సుల్లోనూ యూఎస్, పవర్, టటిల్, స్లాట్ అంటూ ఇన్ని రకాలు ఉండడంతో, మంచి ఫిన్ చేతిలో ఉన్నా కొత్త బోర్డుకు పట్టదు.

కార్బన్ మాస్ట్‌లో అల్యూమినియం ఎక్స్‌టెన్షన్‌ను ఉప్పునీటి తడితో వదిలేస్తే తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ప్రతిసారీ మంచినీటితో కడిగి విడదీయాలి.

మాస్ట్ అడుగున ఉండి దాన్ని బోర్డుకు కలిపే, రబ్బరులా వంగే పాలీయురెథేన్ ముక్క అయిన టెండన్ తీరు వేరు. అది అరిగితే కనిపిస్తుంది, తెగినా దాన్ని అంటిపెట్టుకున్న రక్షణ పట్టీ తెరచాపను బోర్డు నుంచి విడిపోనివ్వదు, చిన్న పనిముట్టుతో ఆ ముక్కనొక్కదాన్నే మార్చుకోవచ్చు. తెరచాప కిటికీని, బోర్డు ముక్కును కూడా ఇలాగే విడిగా మార్చుకోగలిగేలా రూపొందిస్తే, వందల గ్రాముల అదనపు బరువును నేను సంతోషంగా మోస్తాను.