ఈబే వేలంలో విడిభాగాల వేట

తిరుపతిలో పాత యాంప్లిఫయర్లు బాగుచేసుకునే నాకు, వాటిలో వాడే 2ఎన్3055 రకం ట్రాన్సిస్టర్లు ఊళ్లో దొరకనప్పుడు, 1995లో మొదలైన ఆన్‌లైన్ వేలం సైటు ఈబేయే దిక్కవుతోంది; విదేశాల నుంచి వచ్చే సరుకుకు కస్టమ్స్ సుంకం సరేసరి. ఒకే సరుకును పాతిక పేర్లతో పెట్టి, ధర తక్కువ చూపి రవాణా ఖర్చులో రాబట్టే అమ్మకందారులతో విసిగి, అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో వారి పేర్లను మినహాయించడం మొదలుపెట్టాను. సెర్చ్ పెట్టెలో వద్దనుకున్న మాట ముందు, ఖాళీ వదలకుండా, మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న ప్రకటనలూ తప్పుకుంటాయి.

అయితే నకిలీలను ఏ వడపోతా పట్టదు. ఒకసారి వచ్చిన ట్రాన్సిస్టర్ లోహపు టోపీని ఆకురాయితో అరగదీసి తెరిస్తే, 15 ఆంపియర్లు మోయవలసిన చోట ఆవగింజంత సిలికాన్ ముక్క కనిపించింది. ఆ అమ్మకందారు పేరు ఇప్పుడు నా మినహాయింపు జాబితాలో మొదటిది. ట్రాన్సిస్టర్ పైనున్న అక్షరాలు స్పష్టంగా కనిపించే ఫోటో లేనిదే నేను వేలం పాడటం లేదు.